కౌలేయకమా? గ్రైవేయకమా?

డిసెంబరు నెలాఖరుకు మన పట్టణాలలో రెండింటికి గిరాకీ పెరుగుతుంది. ఒకటి కేకు, రెండవది సంకల్పం. కేకు రెండు రోజులకు పాచిపోతుంది. సంకల్పం సంక్రాంతి దాకా నిలిస్తే గొప్ప. ఇంతవరకు ఇది మనుషుల వ్యవహారం కనుక నేను జోక్యం చేసుకోలేదు. ఎవరి ఒళ్ళు వారిది, ఎవరి మాట వారిది. కాని కొన్నేళ్ళుగా ఈ సంకల్పాల పట్టికలోనికి కుక్కను కూడ ఈడ్చుకొని వస్తున్నారు. "ఈ ఏడాది నేనూ మా టామీ కలిసి బరువు తగ్గుతాం", "నేనూ మా జిమ్మీ రోజూ అయిదు కిలోమీటర్లు పరుగెడతాం" అని ప్రకటనలు. పక్కన ఒక ఫొటో. ఫొటోలో కుక్క మెడకు ఎర్ర రుమాలు, నెత్తిన కాగితపు టోపీ. చూసినవారందరూ "ఎంత ముచ్చటగా ఉందో!" అంటారు.

ఆ ముచ్చటతోనే నాకు పేచీ. కుక్కతో కలిసి ఆరోగ్య సంకల్పం చేసుకోవద్దని నేననడం లేదు. కుక్కను పెంచే ప్రతి ఇంటివారూ చేసుకోవలసిందే. ఇప్పుడు జరుగుతున్నది మాత్రం సంకల్పం కాదు, అలంకారం. అది నా వాదం. టపా కాస్త పొడుగవుతుంది. గంట కొట్టేవాడు లేకపోతే పంతులు పాఠం ఇంతే. మిత్రులు ఓపిక పట్టాలి.

ముందు కొంచెం వ్యాకరణం. అమరకోశంలో కుక్కకు చెప్పిన పర్యాయపదాలలో మొట్టమొదటిది కౌలేయకం. ఇక్కడ కులమంటే ఇల్లు, వంశం. ఇంటికి చెందినది కనుక కౌలేయకం. ఈ మాటను సాధించడానికి పాణిని అష్టాధ్యాయిలో, నాలుగవ అధ్యాయం రెండవ పాదంలో, ప్రత్యేకంగా ఒక సూత్రం చేశాడు. ఆ ఒక్క సూత్రం నుండి మూడు మాటలు పుడతాయి. కులం నుండి కౌలేయకం, అంటే కుక్క. కుక్షి నుండి కౌక్షేయకం, అంటే కత్తి. గ్రీవ నుండి గ్రైవేయకం, అంటే మెడలో వేసుకొనే నగ. ఇంటికి చెందిన ఇతరమైన వాటికి ఆ రూపం రాదు. కుక్కకే వస్తుంది. కుక్క ఇంటిది అని ఇరవై నాలుగు శతాబ్దాల నాడే వ్యాకరణం ఒప్పుకున్నదన్నమాట. ఈనాడు మనం చేసిన ఘనకార్యం ఏమిటంటే, అదే సూత్రంలో కుక్కను మొదటి స్థానం నుండి లేపి మూడవ స్థానంలో కూర్చోబెట్టాం. కౌలేయకాన్ని గ్రైవేయకం చేశాం. ఇంటిదాన్ని నగను చేశాం. నగకు మెరుగు పెడతారు, పదిమందికి చూపిస్తారు, పని తీరిన తరువాత పెట్టెలో పెట్టి మూస్తారు. దానికి ఆకలి ఉన్నదా, కీళ్ళనొప్పి ఉన్నదా, ఒంటరితనం ఉన్నదా అని ఎవరూ అడగరు.

ఇక సంకల్పం మాట. మన ఇళ్ళలో ఏ చిన్న పూజకైనా సంకల్పం చెప్పుకుంటాం గదా. అందులో కాలం చెబుతాం, ఉన్న చోటు చెబుతాం, చేసేవాడి గోత్రనామాలు చెబుతాం, కుటుంబాన్ని కలుపుకుంటాం, చివరకు చేయబోయే పని పేరు చెబుతాం. ఎప్పుడు, ఎక్కడ, ఎవరు, ఎవరితో, ఏమిటి. ఈ అయిదూ ఉంటేనే సంకల్పం. లేకపోతే అది కోరిక. "మా టామీ ఈ ఏడాది ఆరోగ్యంగా ఉండాలి" అనే వాక్యాన్ని ఈ గీటురాయి మీద గీసి చూడండి. ఏ వారం తూకం వేస్తారు? ఎవరు వేస్తారు? గిన్నెలో ఎంత పోస్తారు? ఉదయం ఎన్ని గంటలకు బయలుదేరుతారు? ఒక్కదానికీ జవాబు లేదు. కర్త లేని వాక్యానికి క్రియ ఎక్కడినుండి వస్తుంది?

"కలిసి" అనే మాటలోనే అసలు మోసం ఉన్నది. కుక్క సంకల్పం చేయదు. గిన్నె ఎవరి చేతిలో ఉన్నదో, గొలుసు ఎవరి చేతిలో ఉన్నదో, సంకల్పభారమంతా వారిదే. కుక్క వంతు నమ్మడం ఒక్కటే, ఆ పని అది సంవత్సరారంభం కోసం వేచి ఉండకుండా రోజూ చేస్తూనే ఉన్నది. పైగా దాని లెక్క వేరు. మనకు ఒక ఏడాది అంటే డెబ్బయిలో ఒక వంతు. లాబ్రడారు వంటి జాతికి పన్నెండులో ఒక వంతు. "సరే, వచ్చే ఏడు చూద్దాం" అని మనం తేలికగా అన్న మాట దాని ఆయుర్దాయంలో మన ఆరేళ్ళకు సరితూగే ముక్కను కోసేస్తుంది. మన సంకల్పం మనం తప్పితే నష్టపోయేది మనం. కుక్క పేరిట చేసి తప్పితే నష్టపోయేది అది. ఇందుకే ఈ విషయంలో వేళాకోళం పనికిరాదంటాను.

తిండి

ప్రేమను ముద్దల లెక్కన కొలిచే జాతి మనది. అతిథి ఆయాసపడితేగాని మనకు ఆతిథ్యం పూర్తి కాదు. ఈ మర్యాదను కుక్కకు కూడ వర్తింపజేశాం.

మా వీధిలో ఒక దంపతులున్నారు. కొడుకు చదువుకొనే రోజులలో ముచ్చటపడి ఒక లాబ్రడారు పిల్లను తెచ్చాడు. ఉద్యోగం వచ్చి డాలస్ వెళ్ళిపోయాడు. కుక్క తల్లిదండ్రులకు మిగిలింది. పిల్లలు సముద్రాలు దాటిపోగా కుక్కలు మిగిలిన ఇళ్ళు మన గోదావరి జిల్లాలలో ఒకటి రెండు కావు. కొడుక్కు పెట్టలేని ముద్దను ఆవిడ కుక్కకు పెడుతూ వచ్చారు. ఉదయం నెయ్యి వేసిన ఇడ్లీ, మధ్యాహ్నం పెరుగన్నం, సాయంత్రం బిస్కెట్లు, ఆదివారం మాంసం కూర కలిపిన అన్నం. అయిదేళ్ళకు దాని బరువు 44 కిలోలు. మగ లాబ్రడారు ఉండవలసినది ఇంచుమించు 30 నుండి 36 కిలోలు. నాలుగు మెట్లు ఎక్కి అయిదవ మెట్టు మీద కూర్చుండిపోయేది. నేను మాట కదిపితే ఆవిడ అన్నారు: "ఏం చేయమంటారు మాస్టారూ, అదలా కళ్ళల్లోకి చూస్తూంటే నాకు ముద్ద దిగదండీ."

ఆ మాటకు నవ్వడానికి నోరు రాదు. ఆ కళ్ళలో ఆవిడ చూస్తున్నది కుక్కను మాత్రమే కాదు. అయినా ఆ ప్రేమ బరువును మోస్తున్నవి కుక్క కీళ్ళే గదా!

కళ్ళలోకి చూసే ఆ చూపునకు శాస్త్రంలో ఒక కారణం దొరికింది. 2016లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం వారు లాబ్రడార్ల మీద చేసిన పరిశోధనలో, ఇంచుమించు నాలుగవ వంతు కుక్కలకు ఆకలిని అదుపు చేసే ఒక జన్యువులో కొంత భాగం లోపించినట్టు తేలింది. వాటికి తిన్నా తృప్తి ఉండదు. అంటే అది అడుగుతున్నది కనుక ఆకలిగా ఉన్నదనుకోవడం పొరపాటు. అడగడం దాని ఒంటి తత్త్వం, కాదనడం మన బుద్ధి.

ఇంకొక పరిశోధన ఉన్నది. 48 లాబ్రడార్లను జంటలుగా విడదీసి, జంటలో ఒకదానికి రెండవదానికంటే 25 శాతం తక్కువ తిండి పెట్టి, వాటి జీవితాంతం గమనించారు. ఫలితాలు 2002లో అచ్చయ్యాయి. తక్కువ తిన్నవాటి మధ్యస్థ ఆయుర్దాయం 13 ఏళ్ళు, ఎక్కువ తిన్నవాటిది 11.2 ఏళ్ళు. కీళ్ళవాతం వంటి రోగాలు కూడ తక్కువ తిన్నవాటికి ఆలస్యంగా వచ్చాయి. ఈ పరిశోధన చేసినది ప్యూరినా అనే కుక్కల ఆహార కంపెనీ. తిండి అమ్ముకొనేవాడే "తక్కువ పెట్టండి" అని లెక్క తేల్చిన తరువాత కూడ మనకు వినపడకపోతే ఎలాగ? ఒక ముద్ద తగ్గిస్తే దాదాపు రెండేళ్ళు పెరుగుతాయి. ఇంతకంటే చవకగా ఆయుష్షు ఏ హోమానికి వస్తుంది?

ఎంత పెట్టాలన్నది పశువైద్యుడిని అడిగి తెలుసుకోవాలి. లావయిందో లేదో తెలుసుకోవడానికి మాత్రం వైద్యుడక్కరలేదు. అరచేతులు రెండూ దాని పక్కల మీద ఆనించండి. పక్కటెముకలు చేతికి తగలాలి. పైనుండి చూస్తే నడుము సన్నబడి కనిపించాలి. వేళ్ళు గుచ్చి వెతికితేగాని ఎముక తగలకపోతే మీ ప్రేమ మితిమీరిందన్నమాట. తగ్గించేటప్పుడు కూడ ఉపవాసాలు పనికిరావు. వారానికి శరీర బరువులో ఒకటి, రెండు శాతం దిగితే చాలు. చిరుతిండి అంతా కలిపి రోజు మొత్తం తిండిలో పదవ వంతు దాటకూడదు.

కొత్త సంవత్సరపు రాత్రి సంగతి వేరే చెప్పాలి. ఆ రాత్రి కేకు ముక్క కుక్క నోట్లో పెట్టి ఫొటో తీయించుకోవడం రివాజు అయింది. చాక్లెట్టులో ఉండే థియోబ్రోమిన్ కుక్కకు విషం. ద్రాక్ష, కిస్మిస్‌లు దాని మూత్రపిండాలను దెబ్బ తీయగలవు. ప్లం కేకులో ఉన్నదే కిస్మిస్. పాయసంలో తేలేదీ అదే. ఉల్లి, వెల్లుల్లి దాని రక్తకణాలను చంపుతాయి. మన కూరలలో ఉల్లి లేనిదెక్కడ? చక్కెర లేదని మురిసిపోయి కొనే కొన్ని మిఠాయిలలో, చూయింగ్‌గమ్‌లలో ఉండే జైలిటాల్ ఇంకా ప్రమాదకరం. వండిన ఎముకలు విరిగి పేగులలో గుచ్చుకుంటాయి. ఆరోగ్య సంకల్పం ప్రకటించే గంటలోనే విషం పెట్టి ఫొటో తీయించుకోవడాన్ని ఏ అలంకారంగా వర్గీకరించాలో నాకు తోచడం లేదు.

ఆ లాబ్రడారు సంగతి ముగిస్తాను. కిందటేడు జనవరిలో ఆ ఇంట్లో ఒక గిన్నె, ఒక కొలత, ఒక నోటుపుస్తకం పెట్టారు. ఆదివారం ఆదివారం తూకం. తూకం రాసేది ఆయన, కొలత పోసేది ఆవిడ. శ్రావణమాసం నాటికి కుక్క 37 కిలోలకు దిగింది. ముద్ద తగ్గించినందుకు అది అలగలేదు. వారం రోజులు అలిగినది ఆవిడే. ఇప్పుడు మెట్లన్నీ ఎక్కి మేడ మీద పిట్టగోడ దగ్గర నిలబడి వీధిని పరిపాలిస్తున్నది.

నడక

ఉదయం గోదావరి గట్టున కుక్కలతో నడిచేవారిని చూస్తూంటాను. నడిచేది కుక్క కోసమా, తమ కోసమా అన్నది వారి చేతిలోని తాడు చెబుతుంది. కుక్క ఒక చెట్టు మొదట ముక్కు పెట్టి నిలబడితే "కమాన్, కమాన్" అని గుంజుకుపోతారు. రోజంతా నాలుగు గోడల మధ్య ఉన్న జీవికి ఆ చెట్టు మొదలే వార్తాపత్రిక. రాత్రి ఎవరు వచ్చారు, ఎవరు వెళ్ళారు, మిత్రుడా, శత్రువా అన్నదంతా అక్కడ చదువుకుంటుంది. దాని లోకం వాసనల లోకం. పత్రిక చదవనివ్వకుండా చేతిలోనుండి లాక్కుంటే మనకెలా ఉంటుంది? మీ చేతి గడియారం అడుగులు లెక్కపెడుతున్నదని దాని చదువు మానిపించే హక్కు మీకు లేదు.

ఇంకొందరు ఘనులున్నారు. స్కూటరు మీద కూర్చొని ఒక చేత్తో గొలుసు పట్టుకొని కుక్కను పక్కన పరుగెత్తిస్తారు. దానికి "ఎక్సర్‌సైజు" అని పేరు. కుక్క అలసిందో లేదో స్కూటరుకు తెలియదు, నడిపేవాడికి అక్కరలేదు. మరికొందరు గొలుసును పనికుర్రాడి చేతికిచ్చి తాము వాలుకుర్చీలో కూర్చుంటారు. "నేనూ మా జిమ్మీ" అనే కర్తృపదంలో "నేను" అంటే ఎవరు? పనికుర్రాడా? అన్నట్టు, నడక అంటే కుక్కను పొరుగువారి గుమ్మం ముందు కూర్చోబెట్టి ఆకాశం వంక చూడడం కాదు. జేబులో ఒక కాగితపు సంచీ పెట్టుకొని బయలుదేరండి. అది కూడ ఆరోగ్యంలో భాగమే, ఊరి ఆరోగ్యంలో.

ఇక్కడ నా సాటి పండితులకు రుచించని మాట ఒకటి చెప్పాలి. మన సంవత్సరాది ఉగాదే. అందులో నాకు సందేహం లేదు. కాని కుక్కతో నడక మొదలుపెట్టడానికి ఉగాది కంటే జనవరి ఒకటవ తేదీయే మంచి ముహూర్తం. కారణం పంచాంగంలో లేదు, రోడ్డు మీద ఉన్నది. కుక్కకు మనలాగ ఒళ్ళంతా చెమట పట్టదు. ప్రధానంగా రొప్పడం ద్వారానే అది వేడిని వదిలించుకోవాలి. చెప్పులు లేని దాని పాదాలు తారురోడ్డు మీద కాలుతాయి. 2026లో ఉగాది మార్చి 19న. అప్పటికే మన కోస్తాలోనూ, తెలంగాణలోనూ ఎండ ముదురుతుంది. జనవరి నుండి అప్పటికి సుమారు పదకొండు వారాల చల్లని ఉదయాలున్నాయి. అలవాటు కుదరడానికి ఆ గడువు చాలు. మొదట పూటకు పది పదిహేను నిమిషాలు, తరువాత మెల్లగా పెంచడం. ముసలి కుక్కను, లావైన కుక్కను వైద్యునికి చూపించిన తరువాతనే. ఎండలు వచ్చాక ఏడు గంటల లోపల ఇంటికి చేరాలి, మళ్ళీ పొద్దు వాలి నేల చల్లబడిన తరువాతనే బయలుదేరాలి. అనుమానం వస్తే మీ అరచేతి వెనుకవైపును రోడ్డుకు ఆనించి ఏడు అంకెలు లెక్కపెట్టండి. మీ చెయ్యి ఓర్వలేనిదాన్ని దాని కాలు ఓర్వదు.

గొలుసు

కుక్కను రోజంతా గొలుసుకు కట్టి ఉంచడం మన ఇళ్ళలో ఎంత సహజమైపోయిందంటే దాన్ని గురించి మాట్లాడితే వింతగా చూస్తారు. "కుక్కను కట్టెయ్యక మేడ మీద పడుకోబెట్టమంటారా?" అని అడుగుతారు. నేను కాదు, చట్టం అడుగుతున్నది. 1960 నాటి జంతు హింసా నివారణ చట్టం, 11వ సెక్షను చదవండి. కుక్కను మరీ పొట్టి గొలుసుతోనో బరువైన గొలుసుతోనో అనుచితమైనంత సేపు కట్టి ఉంచడం నేరం. అలవాటుగా కట్టి ఉంచే కుక్కకు, మూసి ఉంచే కుక్కకు, తగినంత వ్యాయామం ఇవ్వకపోవడం కూడ నేరం. సరిగా చదవండి: కుక్కను నడిపించకపోవడం మన దేశంలో నేరమై అరవై ఏళ్ళు దాటింది. మీరు కొత్త సంవత్సరపు ఆశయమని చాటుకుంటున్నది మీ తాతగారి కాలం నుండి చట్టం విధించిన కనీస బాధ్యత!

మరి చట్టం ఏమైంది? మొదటిసారి నేరానికి జరిమానా పది రూపాయలకు తగ్గకుండా, యాభై రూపాయలకు మించకుండా అని అందులోనే ఉన్నది. 1960లో పది రూపాయలంటే మాటలు కావు. ఇవాళ యాభై పెట్టినా మంచి హోటల్లో పెసరట్టు ఉప్మా రాదు. ఆ అంకెలు ఇంకా మారలేదు. రాజ్యాంగంలో 51-ఎ అధికరణం 1976లో చేరింది. ప్రాణుల మీద కరుణ కలిగి ఉండడం పౌరుని విధి అన్నది. బడిలో ఆ విధులను పిల్లలచేత వల్లె వేయించాం. వల్లె వేసిన పిల్లలే పెద్దవారై మూరెడు గొలుసు కొంటున్నారు.

చట్టం చేతకానప్పుడే సంకల్పానికి పని. "ఈ ఏడాది మా కుక్కను రోజుకు ఇన్ని గంటలకు మించి కట్టను" అని ఒక అంకె వేసుకోండి. అది ఫొటోకు పనికిరాదు. కుక్కకు పనికొస్తుంది.

టీకా

పిచ్చికుక్క వ్యాధి లక్షణాలు బయటపడిన తరువాత మనిషి బతకడం దాదాపు అసంభవం. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదాని ప్రకారం మనుషులకు ఈ వ్యాధి సోకే సందర్భాలలో 99 శాతం వరకు కుక్క ద్వారానే. ఇంతటి మృత్యువునకు మందు 1885 జూలై 6న దొరికింది. ఆ రోజున లూయీ పాశ్చర్ కుక్క కరిచిన తొమ్మిదేళ్ళ బాలునికి మొదటిసారి టీకా వేశాడు. ఆ జ్ఞాపకార్థం ఏటా జూలై 6న పశువైద్యశాలలలో పెంపుడు కుక్కలకు ఉచితంగా టీకా వేసే శిబిరాలు జరుగుతూ ఉంటాయి. ఉచితం! అయినా వేల రూపాయలు పోసి కొన్న కుక్కకు టీకా పుస్తకం ఉన్నదా అంటే తల గోక్కునే ఇళ్ళు నేను చూశాను. "మాది ఇంట్లో కుక్కండీ, దానికెందుకండీ?" అంటారు. ఇంట్లో కుక్క కనుకనే కావాలి. మీ మనవడు ముద్దు పెట్టుకొనేది వీధి కుక్కను కాదు గదా.

మూడు నెలల వయసులో మొదటి టీకా, తరువాత వైద్యుడు చెప్పిన గడువుకు మళ్ళీ, ఆపైన ఏటేటా. డిస్టెంపరు, పార్వో, లెప్టోస్పైరోసిస్ టీకాలు వేరు. నట్టల మందు, పిడుదుల మందు వేరు. ఏడాదికి ఒకసారి పళ్ళు, రక్తం పరీక్ష. ఇవన్నీ క్యాలెండరు మీద ఎర్ర సిరాతో గుర్తు పెట్టదగిన తేదీలు. పొరపాటున ఏ కుక్క కరిచినా, గీరినా, ముందు పదిహేను నిమిషాలు సబ్బు, పారే నీటితో కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. పసుపు, కారం, సున్నం, ఆకుపసరు పెట్టి కాలం గడపడం ప్రాణం మీదికి తెస్తుంది. ఈ ఒక్క వాక్యం చదివినవారు ఇంకొకరికి చెప్పినా ఈ టపా రాసిన శ్రమ ఫలించినట్టే.

వేషం, భాష

2003లో హచ్ సెల్‌ఫోన్ ప్రకటనలో ఒక పగ్ కుక్క పిల్లవాడి వెంట నడిచింది. ఆ తరువాత మన ఊళ్ళలో ప్రతివారికీ పగ్ కావలసివచ్చింది. చప్పిడి ముక్కు కుక్క సరిగా రొప్పలేదు, వేడికి తట్టుకోలేదు. ప్రకటనలో ఆ సంగతి చెప్పరు. పగ్ ముచ్చట తీరి ఇప్పుడు హస్కీ వచ్చింది. మంచులో బండి లాగడానికి పుట్టిన జాతిని తెచ్చి రోహిణి కార్తెలో మూడవ అంతస్తులో పెడతారు. కరెంటు పోయిన మధ్యాహ్నం దాని గతి ఏమిటో ఆలోచించారా? ఇప్పటికే ఉన్నవాటిని ప్రాణప్రదంగా చూసుకోండి. కొత్తగా తెచ్చుకొనేవారు మాత్రం మన ఎండను పుట్టుకతో ఎరిగిన నాటు కుక్కపిల్లను తెచ్చుకోండి. దానికి ధర లేదు కనుక విలువ లేదనుకోవడం మన వ్యాపార సంస్కారం.

భాష సంగతి కూడ అనేస్తాను. తెలుగిళ్ళలో ఆంగ్ల మాధ్యమం మొదట ప్రవేశించినది బడిలో కాదు, కుక్కల దగ్గర. పేరు టామీ, ఆజ్ఞ "సిట్", ప్రశంస "గుడ్ బాయ్". అచ్చ తెలుగులో పోట్లాడుకొనే దంపతులు కుక్క వంక తిరిగి ఇంగ్లీషు అందుకుంటారు. కుక్కకు ఏ భాషైనా ఒకటే, దానికి కావలసినది ఒకే మాట, ఒకే స్వరం. "కూర్చో" అన్నా కూర్చుంటుంది. మా ఇంటి నాటు కుక్క నాతో ఉండి "ఉపవిశ" అన్నా కూర్చుంటున్నది. ఇది గొప్పకు చెప్పడం లేదు. కాస్త గొప్పకే.

ఒక ఆక్షేపణ

"మనుషులకే దిక్కు లేదు, కుక్కలకు సంకల్పాలా?" అనే వాదం ఒకటి ఉన్నది. దీన్ని నేను తేలికగా తీసిపారేయను. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేళ్ళ పసివాణ్ణి వీధి కుక్కలు చంపాయి. ఆ తల్లిదండ్రుల ముందు నిలబడి కుక్కల హక్కుల గురించి ఉపన్యసించే ధైర్యం నాకు లేదు, ఎవరికీ ఉండకూడదు. వీధి కుక్కల విషయమై 2025లో సుప్రీంకోర్టు దాకా పెద్ద వివాదం నడిచింది. ఆ తగువు వేరు.

నేను మాట్లాడుతున్నది మీరు కోరి తెచ్చుకొన్న కుక్క గురించి. దాన్ని తెమ్మని మిమ్మల్ని ఎవరూ నిర్బంధించలేదు. తెచ్చిన తరువాత అది దయ కాదు, ఋణం. ఋణం తీర్చమంటే "దేశంలో బీదలున్నారు" అనడం అప్పులవాడి యుక్తి. పైగా ఈ రెండు విషయాలకు లంకె ఉన్నది. టీకా లేని పెంపుడు కుక్క, పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స చేయించని కుక్క, ముచ్చట తీరగానే ఊరి చివర దింపివచ్చిన కుక్క, ఇవన్నీ చివరకు చేరేది వీధికే. పెంచిన కుక్కను వదిలిపెట్టడం కూడ ఆ 1960 చట్టం ప్రకారం నేరమే. వీధి భయాన్ని గురించి నిజంగా బాధపడేవారు ముందు ఇంటి గేటు లోపల మొదలుపెట్టాలి.

ధర్మరాజు కుక్కను విడిచి స్వర్గానికి రానన్న కథ అందరికీ తెలుసు. కుక్క ఫొటో కింద చాలామంది ఆ కథే తలచుకుంటారు. భారతం కుక్కతో ముగియడమే కాదు, ఆ గ్రంథారంభంలోనూ ఒక కుక్క కథ ఉన్నది. జనమేజయుని యాగశాలకు సరమ కొడుకు వస్తాడు. హవిస్సును ముట్టలేదు, కనీసం దాని వంక చూడలేదు. అయినా రాజు తమ్ముళ్ళు కొడతారు. తల్లి సరమ సభకు వచ్చి, ఏ తప్పూ చేయనివాణ్ణి ఎందుకు కొట్టారని నిలదీస్తుంది. రాజులవద్ద సమాధానం లేదు. అనుకోని భయం వచ్చి మీద పడుతుందని చెప్పి ఆమె వెళ్ళిపోతుంది. మా రాజమహేంద్రవరంలో కూర్చొని నన్నయ భారతాన్ని తెలుగు చేసినప్పుడు ఆదిపర్వంలో ఈ కథను వదలలేదు. మనమందరం చివరి పర్వాలలోని ధర్మరాజులం కావాలనుకుంటాం. ఫొటో అక్కడ బాగుంటుంది. మన దినచర్య మాత్రం మొదటి పర్వంలోని తమ్ముళ్ళది. యాగం మనది, హడావుడి మనది, దెబ్బ కుక్కది.

కనుక చదువరులకు నా మనవి ఇది. ఈ జనవరి ఒకటిన కుక్క నెత్తిన టోపీ పెట్టకండి. అర్ధరాత్రి బాణసంచా మోగేటప్పుడు దాన్ని లోపలి గదిలో, తలుపులు మూసి, పక్కన ఒక మనిషి ఉండేటట్టు చూడండి. దాని చెవికి ఆ చప్పుడు ఉత్సవం కాదు. తెల్లవారిన తరువాత ఒక కాగితం తీసి అయిదు వాక్యాలు రాయండి. తూకం ఏ రోజున, ఎవరు. కొలత ఏ గిన్నెతో, ఎంత. నడక ఏ వేళకు, ఎవరు. గొలుసు ఎన్ని గంటలు. టీకా ఏ తేదీన. ప్రతి వాక్యానికీ కర్త ఇంట్లోని మనిషే కావాలి, పేరుతో సహా. ఆ కాగితాన్ని వంటింటి తలుపు మీద అతికించండి, లోకానికి చూపించనక్కరలేదు. చదవవలసిన జీవికి చదువు రాదు, గిన్నె చప్పుడు, గొలుసు చప్పుడు, గుమ్మంలో మీ చెప్పుల చప్పుడు తప్ప. ఆ మూడింటిని బట్టి అది మీ సంకల్పం ఎంత నిజమో లెక్క కట్టుకుంటుంది.

విభేదించేవారు నిరభ్యంతరంగా విభేదించండి. వాదానికి నేనెప్పుడూ సిద్ధమే. ఒక్క షరతు. వాదానికి వచ్చేముందు మీ కుక్క పక్కటెముకలు ఒకసారి తడిమి చూసి రండి.